నాచారం గల్లీ నుంచి దుబాయ్ దాకా: మన అప్పు మీద మాట ఎవరిది?

పోస్టు కొంచెం పెద్దగా ఉంటది, ఓపికతో చదవండి. తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటా.

పోయిన వారం మన గ్రూపుల ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, ఫోన్ల ఐదు వేల లోన్ వస్తదంట, ఆధార్ పెడితే చాలంట, తీసుకోవచ్చా?" ఇద్దరు ముగ్గురు వద్దన్నరు. ఒకరు ఆర్‌బీఐ రూల్స్ గురించి రాసిన్రు. అప్పుడు మన సీనియర్ అన్న ఒకాయన, "ఆర్‌బీఐ, విదేశీ పెట్టుబడి ఇవన్నీ పెద్దోళ్ల ముచ్చట్లు. మనం పోడు పట్టాలు, ఉద్యోగాలు, హాస్టల్ బిల్లుల గురించి మాట్లాడుకుందాం" అన్నడు. అన్న మీద గౌరవంతోనే ఈ పోస్టు రాస్తున్న. అది పెద్దోళ్ల ముచ్చట కాదు అన్నా. అది మన ఇంటి ముచ్చట. ఎందుకో నాకు తెలిసినంత చెప్తా.

ముందు హాస్టల్ల జరిగిన సంగతి. నా రూమ్మేట్ (పేరు రాయను, ఆయన అనుమతితోనే రాస్తున్న) పరీక్ష ఫీజు కోసం ఒక యాప్‌ల 6,000 తీసుకున్నడు. చేతికి వచ్చింది 3,900. మిగతాది ప్రాసెసింగ్ ఫీజు అని కోసుకున్నరు. ఏడు రోజుల్ల మొత్తం 6,000 కట్టాలె. లెక్క చేయండి. 3,900కి వారానికి 2,100. అంటే నూటికి వారానికి 54 రూపాయలు. మన ఊర్ల ఎంత చెడ్డ షావుకారైనా ఇంత మిత్తి తీసుకున్నడా?

ఎనిమిదో రోజు నుంచి ఫోన్లు మొదలైనయి. ఫోన్ల ఉన్న నంబర్లన్నింటికీ మెసేజ్‌లు పోయినయి. వాళ్ల అక్కకు, బావకు, ఆఖరికి హాస్టల్ వార్డెన్‌కు కూడా. ఒకరోజు పొద్దున లేచి చూస్తే ఆయన మంచం ఖాళీగ ఉంది, బ్యాగు లేదు. నేను, ఇంకో ఇద్దరం నాచారం నుంచి ఆటో పట్టుకుని ఉప్పల్ రింగ్ రోడ్డుకు ఉరికినం. వరంగల్ బస్సులు ఆగే కాడ నిలబడి ఉన్నడు. చదువు బంద్ చేసి ఇంటికి పోతున్న అన్నడు. వాళ్ల ఇంట్ల కాలేజీ మెట్లెక్కిన మొదటి పిల్లగాడు ఆయన. నేను కూడా మా ఇంట్ల అంతే. ఒక్క 3,900 రూపాయల కోసం ఒక ఇంటి మొదటి డిగ్రీ ఆగిపోయేటట్టు అయింది. తీసుకొచ్చి, 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించినం. ఇప్పుడు చదువుతున్నడు. కానీ ఆ యాప్ ఎవరిది, ఆ పైసలు ఎక్కడివి అన్నది మాకు ఇప్పటికీ తెలియదు. నా పోస్టు అంతా ఆ ప్రశ్న గురించే.

ఇప్పుడు నాచారం ముచ్చట. నాచారం అంటే మనకు ఇండస్ట్రియల్ ఏరియా, ఈఎస్ఐ హాస్పిటల్, సెలవు రోజు ప్యాకింగ్ పనికి పోయే కంపెనీలు. కానీ దేశంల పెద్ద మైక్రోఫైనాన్స్ కంపెనీల్ల ఒకటైన షేర్ మైక్రోఫిన్ హెడ్ ఆఫీసు ఈ నాచారం రాజీవ్ నగర్‌లనే ఉండేది. 2007ల దుబాయ్‌కి చెందిన లెగాటమ్ అనే పెట్టుబడి సంస్థ అందులో సుమారు 2.5 కోట్ల డాలర్లు పెట్టింది. ఊర్ల ఆడవాళ్లు చెట్టు కింద కూర్చుని వారం వారం కట్టే కిస్తీకి, దుబాయ్‌ల ఉన్న పెట్టుబడికి మధ్యల నాచారం గల్లీ ఉన్నదన్న మాట.

అది ఒక్కటే కాదు. హైదరాబాద్ అప్పట్ల దేశం మొత్తానికి మైక్రోఫైనాన్స్ రాజధాని లెక్క ఉండేది. మెదక్ జిల్లా నారాయణఖేడ్ దిక్కు మొదలైన ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ ముందు స్వచ్ఛంద సంస్థ. తర్వాత కంపెనీ అయింది. అమెరికా పేరున్న సెకోయా, శాండ్‌స్టోన్ లాంటి ఫండ్లు అందులో పైసలు పెట్టినయి. ఇట్లాంటి ఫండ్లు చాలా మటుకు మారిషస్‌ల రిజిస్టర్ అయి వస్తయి, ఎందుకంటే అప్పట్ల ఆ దారిల వస్తే షేర్లు అమ్మిన లాభం మీద ఇక్కడ పన్ను పడేది కాదు. ఆ ఒప్పందాన్ని 2016ల మార్చిన్రు. ఇంకో దిక్కు మన బ్యాంకులు. పేదలకు ఇంత శాతం అప్పులియ్యాలని బ్యాంకులకు రూల్ ఉన్నది, దాన్నే ప్రాధాన్య రంగం అంటరు. ఊరూరు తిరిగి ఇచ్చే బదులు ఈ కంపెనీలకు ఇస్తే ఆ లెక్క పూర్తయితది. అట్ల రెండు దిక్కుల నుంచి పైసలు వచ్చి పడ్డయి.

2010 ఆగస్టుల ఎస్‌కేఎస్ షేర్ మార్కెట్‌లకు వచ్చింది. ఒక్కో షేరు 985 రూపాయలు. మొత్తం 1,600 కోట్లకు పైగా వసూలైంది. అందులో సగానికి పైగా షేర్లు పాత పెట్టుబడిదారులు అమ్ముకున్నవే. అంటే ఆ పైసలు అప్పుల రూపంల ఊర్లకు రాలేదు, వాళ్ల జేబులకే పోయినయి.

మరి కింద ఏం జరుగుతున్నది? షేరు ధర పెరగాలంటే కంపెనీ ఏటేటా పెరగాలె. పెరగాలంటే కొత్త అప్పులియ్యాలె. ఒకే ఆడమనిషికి మూడు నాలుగు కంపెనీలు ఇచ్చినయి. ఒకదాని కిస్తీ కట్టడానికి ఇంకోదాంట్ల తీసుకునుడు. చెప్పే మిత్తి వేరే, పడే మిత్తి వేరే. ఉదాహరణకు 10,000 అప్పు, 15 శాతం "ఫ్లాట్" అంటరు. 50 వారాలు, వారానికి 230. వినడానికి 15 శాతమే. కానీ వారం వారం అసలు కూడా కడుతనే ఉంటం కదా, చివరి నెలల చేతిల ఉన్న అప్పు వెయ్యి కూడా ఉండదు. మిత్తి మాత్రం మొదటి 10,000 మీదనే వేసిన్రు. సరిగ్గా లెక్కేస్తే ఏడాదికి 30 శాతం దాటుతది. తర్వాత ఆర్‌బీఐ వేసిన మాలేగాం కమిటీ కూడా లెక్క తీసింది. పెద్ద కంపెనీల అసలు మిత్తి సగటున 36 శాతం పైనే ఉన్నదని రాసింది. మన భాషల చెప్పాలంటే నూటికి నెలకు మూడు రూపాయల మిత్తి. మన షావుకారి రేటే. షేరు రేటు మాత్రం ప్రపంచ స్థాయిది.

అప్పుడు నాకు ఐదేండ్లు. మాది ఏటూరునాగారం దిక్కు. అమ్మ చెప్తది. వాళ్ల గ్రూపుల ఒకామె కిస్తీ తప్పితే మిగతా ఆడవాళ్లను తీసుకుపోయి ఆమె ఇంటి ముందు కూర్చోబెట్టిన్రంట, పైసలు వచ్చేదాకా కదలనియ్యలేదంట. చుట్టం మీదికే చుట్టాన్ని ఎగదోసిన్రు. గూడెంల ఆ రెండు ఇండ్లకు ఇప్పటికీ మాటల్లేవు. పేపర్లల ఆత్మహత్యల వార్తలు వచ్చినయి. 2006ల కృష్ణా జిల్లాల ఇట్లనే అయితే అధికారులు యాభై దాకా శాఖలు మూసేసిన్రు, కానీ దాంతోని ఎవరూ పాఠం నేర్చుకోలేదు.

2010 అక్టోబర్ 15న రోశయ్య గారి ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది, ఆ తర్వాత అది చట్టం అయింది. ముఖ్యమైనవి ఇవి: కంపెనీ ప్రతి జిల్లాల రిజిస్టర్ చేసుకోవాలె. వారం కిస్తీ బంద్, నెలకోసారే. వసూలు ఇంటికి వచ్చి కాదు, పంచాయతీ ఆఫీసు కాడనో కలెక్టర్ చెప్పిన జాగలనో. ఎంత కాలమైనా మిత్తి అసలును దాటొద్దు. బలవంతం చేస్తే జైలు.

ఇక్కడి దాకా చదివి చాలామంది "శభాష్" అంటరు. నేను కూడా అన్న. కానీ నిజం మొత్తం చెప్పాలె కదా. చట్టం వచ్చినంక రాష్ట్రంల జనం కిస్తీలు కట్టుడు దాదాపు బంద్ అయింది. మా అమ్మ వాళ్లు కూడా కట్టలేదు. కంపెనీలు కుప్పకూలినయి, షేర్, స్పందన లాంటివి బ్యాంకుల ముందు అప్పులు తిరగరాయించుకున్నయి. భయపడ్డ బ్యాంకులు దేశమంతా మైక్రోఫైనాన్స్‌కు పైసలు ఆపేసినయి. ఎమిలీ బ్రెజా, సింథియా కిన్నన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దీని మీదనే పరిశోధన చేసిన్రు. మన రాష్ట్రంతోని సంబంధం లేని వేరే రాష్ట్రాల జిల్లాల్ల అప్పులు తగ్గి, కూలీ రేట్లు కూడా తగ్గినయని తేల్చిన్రు. ఇక్కడ చట్టం చేస్తే ఎక్కడో కూలి మనిషికి దెబ్బ తగిలింది. పైసలన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటే అట్లనే అయితది.

మా ఇంట్ల ఏమైంది? మరుసటేడు పత్తి పెట్టుబడికి నాయిన మండలంల మందుల షాపు సేటు కాడికి పోయిండు. మూడు రూపాయల మిత్తి. దానికి తోడు పంట ఆయనకే అమ్మాలె, కాంటా ఆయనదే, రేటు ఆయన చెప్పిందే. కంపెనీ పోయింది, సేటు వచ్చిండు. మిత్తి మారలేదు. అందుకే "కంపెనీలను తరిమేస్తే అయిపోతది" అనే మాటతోని నేను ఒప్పుకోను. మనకు అప్పు కావాలె. తునికాకు పైసలు వేసవిల వస్తయి, మిర్చి పైసలు దాని కంటే ముందు వస్తయి, వానాకాలం మొత్తం చేతిల రూపాయి ఉండదు. మన ఆదాయం కాలాన్ని బట్టి వస్తది, వాళ్ల కిస్తీ వారాన్ని బట్టి వస్తది. అసలు గొడవ ఇక్కడున్నది.

తర్వాత కథ ఢిల్లీ, ముంబయిల నడిచింది. రాష్ట్రం చట్టం చేస్తే, "మాకు పైనున్నది ఆర్‌బీఐ, రాష్ట్రం కాదు" అని కంపెనీలు వాదించినయి. ఆర్‌బీఐ మాలేగాం కమిటీ వేసి, 2011ల మిత్తికి 26 శాతం పరిమితి పెట్టింది. ఒక మనిషికి రెండు కంపెనీల కంటే ఎక్కువ ఇయ్యొద్దన్నది. తర్వాత ఆ రూల్స్ మెల్లమెల్లగా సడలించి, 2022 ఏప్రిల్ నుంచి మిత్తి పరిమితే తీసేసింది. దానికి బదులు కొత్త రూల్స్ పెట్టింది: ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబానికి తాకట్టు లేకుండానే ఇయ్యాలె, అన్ని కిస్తీలు కలిపి నెల ఆదాయంల సగం దాటొద్దు, మిత్తి అంతా ఒక కాగితం మీద అర్థమయ్యే భాషల రాసియ్యాలె, వసూలు కోసం పొద్దున 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత సతాయించొద్దు. అదే 2022ల కేరళ కేసుల సుప్రీంకోర్టు, ఆర్‌బీఐ కింద ఉన్న ఫైనాన్స్ కంపెనీలకు రాష్ట్రాల చట్టాలు వర్తించవన్నది. 2023 ఫిబ్రవరిల తెలంగాణ హైకోర్టు కూడా అదే బాటల పోయి, మన 2010 చట్టం ఆర్‌బీఐ రిజిస్టర్ కంపెనీలకు వర్తించదని చెప్పింది. పన్నెండేండ్ల కింద పెట్టిన తాళం తెరుచుకుంది.

ఇప్పుడు మా దిక్కు మళ్లీ వస్తున్నరు. బైక్ మీద, బ్యాగు, ట్యాబ్ పట్టుకుని. అమ్మ మళ్లీ ఒక గ్రూపుల చేరింది. మీటింగ్ పొద్దున ఏడు గంటలకు. 9కి ముందు రావొద్దని రూల్ ఉన్నదని నేను ఫోన్ల చెప్తే అమ్మ నవ్వింది. "ఆ రూలు ఎవరికి చెప్పాలె బిడ్డా? ఆ సారుకేనా?" అన్నది. నా దగ్గర జవాబు లేదు.

యాప్‌ల సంగతి ఇంకా ఘోరం. 2020 డిసెంబర్ల హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసిన్రు. ఢిల్లీ ఎయిర్‌పోర్టుల ఒక చైనా దేశస్థుడిని పట్టుకున్నరు. ముందు లైసెన్స్ ఉన్న చిన్న ఫైనాన్స్ కంపెనీ, వెనక యాప్, దాని వెనక విదేశీ పైసలు. ఆర్‌బీఐ కమిటీ 2021ల చూస్తే దాదాపు 1,100 యాప్‌లు దొరికినయి, అందులో 600 దాకా అక్రమం. 2022 సెప్టెంబర్ల రూల్స్ వచ్చినయి: పైసలు నేరుగా అప్పు తీసుకున్నోళ్ల ఖాతాల పడాలె, ఫోన్ల కాంటాక్టులు, ఫొటోలు ముట్టుకోవద్దు, మొత్తం ఖర్చు ముందే చెప్పాలె. రూల్స్ మంచివే. కానీ మా రూమ్మేట్ ఫోన్ల కాంటాక్టులు ఎట్ల పోయినయి మరి?

అంటే సమస్య రూల్ లేకపోవుడు ఒక్కటే కాదు. రూల్ చేసేటోడు ముంబయిల, పైసలు పెట్టేటోడు విదేశంల, కట్టేటోళ్లు గూడెంల. మధ్యల ఎవరికి "ఆగు" అనే హక్కు ఉన్నది? రాజకీయం అంటే ఇదే. బ్యాంకుల కోసం స్విట్జర్లాండ్ల బాసెల్ అనే ఊర్ల కమిటీ ఉన్నది, 1974 నుంచి. 2009 నుంచి మన దేశం కూడా అందులో ఉన్నది. అక్కడ బ్యాంకు మునగకుండా ఎంత మూలధనం ఉండాలె అని మాట్లాడుకుంటరు. అది కూడా కావాలె. కానీ అప్పు తీసుకున్న ఇల్లు మునగకుండా ఏం చెయ్యాలె అని అడిగేటోళ్లు ఆ బల్ల దగ్గర ఎవరున్నరు?

ఇప్పుడు నేను చెప్పదలుచుకున్న అసలు మాట. మిగతా వాళ్లకు లేని ఒక హక్కు మనకు ఉన్నది, మనమే మర్చిపోయినం. 1/70 చట్టం గురించి మనందరికీ తెలుసు. అది రాజ్యాంగం ఐదో షెడ్యూల్, ఐదో పేరా కింద వచ్చింది. అదే పేరాల భూమి బదలాయింపు పక్కనే ఇంకో మాట ఉన్నది: షెడ్యూల్డ్ ప్రాంతాల్ల గిరిజనులకు అప్పులిచ్చే వ్యాపారాన్ని నియంత్రించే రెగ్యులేషన్ గవర్నర్ చెయ్యొచ్చు. దాని కిందనే 1960ల మనీ లెండర్స్ రెగ్యులేషన్ వచ్చింది, ఏజెన్సీల లైసెన్స్ లేకుండా అప్పుల వ్యాపారం చెయ్యొద్దని. అంతేకాదు, రాష్ట్రపతి ఆమోదం ఉంటే గవర్నర్ రెగ్యులేషన్ మన ప్రాంతం వరకు పార్లమెంట్ చట్టాన్ని కూడా మార్చొచ్చు. 1996 పెసా చట్టం కూడా గిరిజనులకిచ్చే అప్పుల మీద నియంత్రణ అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండాలన్నది.

కోర్టులు వర్తించదన్నది మామూలు రాష్ట్ర చట్టం. ఐదో షెడ్యూల్ అధికారం నేరుగా రాజ్యాంగం ఇచ్చింది. రెండూ ఒకటి కాదని నా అభిప్రాయం. భూమి విషయంల 1/70 కోసం కొట్లాడినం, సమత కేసుల 1997ల గెలిచినం. అప్పు విషయంల ఆ షెడ్యూల్ పుస్తకం తెరిచి చూడలేదు. ఎందుకంటే మన మనసుల అప్పులిచ్చేటోడంటే పంచె కట్టిన షావుకారే. ట్యాబ్ పట్టుకున్న సారు, ఫోన్ల యాప్ మనకు షావుకారి లెక్క కనపడలేదు.

నేను నిషేధం అడుగుతలేను. 2010ల ఏమైందో చూసినం. నేను అడిగేది షెడ్యూల్డ్ ప్రాంతాలకు కొత్త రెగ్యులేషన్. అందులో నాలుగు సంగతులు చాలు. ఒకటి, ఏ కంపెనీ అయినా గ్రామసభల మిత్తిని "నూటికి నెలకు ఇన్ని రూపాయలు" అని మన భాషల చదివి వినిపించినంకనే అప్పులియ్యాలె. రెండు, కిస్తీ పంటను, తునికాకును బట్టి ఉండాలె, వానాకాలంల ఆగాలె. మూడు, వసూలు పంచాయతీ ఆఫీసు కాడనే, ఒకరి బాకీకి ఇంకొకరిని ఇంటి ముందు కూర్చోబెట్టుడు నేరం కావాలె. నాలుగు, కంపెనీల పెట్టుబడి ఎవరిదో ఆ కాగితం మీదనే రాయాలె.

"ఇన్ని షరతులు పెడితే వాళ్లు రారు, మళ్లీ సేటే గతి" అని కొందరు అంటరు. ఆ భయం నిజమే, మా ఇంట్ల జరిగిందే. అందుకే రెండో కాలు కూడా కావాలె. 1956ల గిరిజన సహకార సంస్థను పెట్టిందే మనల్ని దళారుల నుంచి, షావుకార్ల నుంచి కాపాడడానికి. 2010 దెబ్బ తర్వాత 2011ల స్త్రీనిధి వచ్చింది. ఇవి ఏజెన్సీల సరిగ్గా, టైముకు అప్పులిస్తే కంపెనీ షరతులకు ఒప్పుకోక తప్పదు. మనకు వేరే దారి ఉన్నప్పుడే మన షరతుకు విలువ. "తెలివి లేక తీసుకున్నరు, వాళ్లదే తప్పు" అనేటోళ్లకు ఒక్కటే చెప్తా. మా రూమ్మేట్ బీకాం చదువుతున్నడు. స్కాలర్‌షిప్ టైముకు వచ్చి ఉంటే ఆ యాప్ తెరిచేటోడే కాదు.

గ్రూపుల ఉన్నోళ్లకు నా విన్నపం. పండుగకు ఇంటికి పోయినప్పుడు అమ్మ కాడ ఉన్న లోన్ కార్డు అడిగి చూడండి. ఎంత తీసుకున్నరు, వారానికి ఎంత, ఎన్ని వారాలు, అది రాసుకోండి. నేను నూటికి నెల మిత్తి లెక్కేసి ఇస్తా, అది నా డిగ్రీకి కూడా పనికొస్తది. ఒక యాభై కార్డులు జమైతే ఐటీడీఏ పీవో గారికి, గ్రామసభలకు, గిరిజన సలహా మండలికి పట్టుకుపోదాం. యాప్‌ల చిక్కినోళ్లు సిగ్గుపడకుండా 1930కి ఫోన్ చేయండి, ఆర్‌బీఐ ఫిర్యాదుకు 14448. ఒక్కరే బస్టాండుకు పోకండి. ముందు మాకు ఫోన్ చేయండి.

ఆ తమ్ముడికి నా జవాబు: ఆ ఐదు వేలు తీసుకోకు. ఫీజు కోసమైతే గ్రూపుల అడుగు, తలా ఇంత వేసుకుందాం. సీనియర్ అన్నకు: భూమి మనదని చెప్పే పేరా, అప్పు మీద మాట కూడా మనదని చెప్తున్నది. రెండింటినీ కలిపే అడుగుదాం అన్నా.

మీ తమ్ముడు, బీకాం సెకండ్ ఇయర్, నాచారం హాస్టల్ నుంచి.